మాగ్నెట్ మోటార్ కరెంటు కిట్ కొంటున్నారా? ముందు బల్బు లోడ్ పెట్టి చూపించమనండి

పెట్రోలు అక్కర్లేదు, ఎండ అక్కర్లేదు, గాలి అక్కర్లేదు, మాగ్నెట్లతోనే ఇంటికి సరిపడా కరెంటు అని చెప్పి అమ్మే కిట్ ఒకటి నేను కొన్నాను. నాలుగు నెలలు దాంతో కుస్తీ పట్టాను. దాన్నుంచి ఒక్క బల్బు కూడా వెలగలేదు. ఇలాంటిది కొందామా అని ఊగిసలాడుతున్నవాళ్లు డబ్బు కట్టకముందే ఇది చదవండి.

పెట్టెలో వచ్చినవి: 24 నియోడిమియమ్ మాగ్నెట్లు, రెండు యాక్రిలిక్ చక్రాలు, షాఫ్టు, బేరింగులు, రాగి తీగ చుట్టిన ఆరు కాయిళ్లు, ఒక జిగురు ట్యూబు, 40 పేజీల పీడీఎఫ్. సామాను నాసిరకం అనను. మాగ్నెట్లయితే అసలైనవే. మొదటిరోజే రెండింటి మధ్య బొటనవేలు ఇరుక్కుని గోరు నల్లబడింది.

చక్రం అంచున మాగ్నెట్లు ఏటవాలుగా అతికించాలి, చుట్టూ కదలని మాగ్నెట్లు బిగించాలి. ఒకే ధ్రువాలు ఎదురుపడి నెట్టుకుంటుంటే చక్రం ఆగకుండా తిరుగుతుందట. నేను చేత్తో తిప్పి వదిలితే 40 సెకన్లు తిరిగింది. తర్వాత అటూ ఇటూ ఊగి ఒకచోట ఆగింది. మళ్లీ తిప్పాను, అక్కడే ఆగింది. పెన్నుతో గుర్తు పెట్టి ఇరవైసార్లు చూశాను. ఆ గుర్తు, దానికి ఎదురుగా ఇంకొకటి, ఈ రెండు తప్ప మూడోచోట ఆగలేదు.

అమ్మినాయనకి రాశాను. యాంగిల్ తప్పు, 30 డిగ్రీలు కాదు 33 పెట్టండి అన్నారు. పెట్టాను. మాగ్నెట్ల మధ్య గాలి సందు ఎక్కువైంది అన్నారు. తగ్గించాను. మీ మాగ్నెట్ల బలం చాలదు, ఎన్52 రకం వాడాలి, మా దగ్గరే ఉన్నాయి అన్నారు. సిగ్గు విడిచి చెబుతున్నా, అవీ కొన్నాను. చక్రం అదే చోట, ఇంకా గట్టిగా ఆగింది.

నాకు అప్పుడే తెలిసి రావాల్సింది. బలమైన మాగ్నెట్ ఎంత గట్టిగా నెడుతుందో, దగ్గరికి వచ్చేటప్పుడు అంతే గట్టిగా అడ్డుపడుతుంది. చక్రం ఒక చుట్టు పూర్తిచేసేసరికి ఇచ్చింది, తీసుకున్నది సరిసమానం. పైన బేరింగు రాపిడి, గాలి ఒరిపిడి నష్టం. గిన్నెలో గోళీ వేస్తే కాసేపు ఊగి అడుగున ఆగుతుంది కదా, నా చక్రం చేసిందీ అంతే. యాంగిల్ మారిస్తే గిన్నె ఆకారం మారుతుంది తప్ప గోళీ దానంతట అది గట్టెక్కదు. ఈ కిట్ల వ్యాపారం నడిచేది మాత్రం ఆ యాంగిల్ మీదే. తిరగలేదంటే లోపం యంత్రానిది కాదు, మీ చేతిది అని ప్రతిసారీ నమ్మిస్తారు. నాలుగు నెలలు నన్ను నేనే తిట్టుకున్నాను.

మాగ్నెట్‌లో శక్తి నిల్వ ఉంటుంది, దాన్నే వాడుకుంటాం అనేవాళ్లూ ఉన్నారు. సరే, లెక్క చూద్దాం. ఒక వాట్ బల్బు ఒక్క సెకను వెలిగితే ఖర్చయ్యే శక్తి ఒక జౌల్. ఎన్52 మాగ్నెట్ ఘన సెంటీమీటరుకి అర జౌల్ కూడా రాదు. నావి ఒక్కోటి రెండు ఘన సెంటీమీటర్లు. అంటే 24 మాగ్నెట్లూ కలిపి 24 జౌళ్ల లోపే. ఏదో మంత్రం వేసి అదంతా పిండినా 9 వాట్ల ఎల్ఈడీ బల్బు మూడు సెకన్లు వెలగదు.

పేటెంట్ ఉందని నాకూ కాగితం చూపించారు. అమెరికాలో 1979లో హోవర్డ్ జాన్సన్‌కి పర్మనెంట్ మాగ్నెట్ మోటార్ మీద పేటెంట్ ఇచ్చిన మాట నిజమే. పేటెంట్ చేతికొచ్చినంత మాత్రాన యంత్రం పనిచేసినట్టు కాదు. ఐర్లండ్‌లో స్టియోర్న్ అనే కంపెనీ మాగ్నెట్లతో శక్తి పుట్టించామని 2006లో పత్రికలో యాడ్ వేసి మరీ, వచ్చి పరీక్షించండని శాస్త్రవేత్తల్ని పిలిచింది. 22 మంది పరిశీలించి, శక్తి పుట్టినట్టు చూపించలేకపోయారని 2009లో ఏకగ్రీవంగా తేల్చారు. పారిస్ సైన్స్ అకాడమీ అయితే ఆగకుండా తిరిగే యంత్రాల దరఖాస్తులు ఇక చూడబోమని 1775లోనే తలుపు మూసేసింది.

కరెంటు ఆదా చేసే బీఎల్‌డీసీ ఫ్యాన్లలో మాగ్నెట్లు లేవా అని అడుగుతారు. ఉన్నాయి. వాటివల్ల కరెంటు వృథా తగ్గుతుంది, కరెంటు పుట్టదు. ఆ ఫ్యాను తీగ పీకేస్తే ఆగిపోతుంది.

మరి వీడియోల్లో తిరుగుతోందిగా? చక్రం కింది దిమ్మెలో చిన్న బ్యాటరీ, డీసీ మోటారు పెడితే చాలు. బల్ల కింద కాయిల్ పెట్టి తీగ లేకుండానే కరెంటు పంపొచ్చు. అన్నిటికంటే తేలికైన కిటుకు బల్బులోనే ఉంది. కరెంటు పోయినా వెలిగే రీచార్జబుల్ ఎల్ఈడీ బల్బుల్లో బ్యాటరీ ఉంటుంది. వాటి అడుగున వేళ్లు ఆనించినా వెలుగుతాయి. నేను చూసిన వీడియోలో వెలిగింది అలాంటిదేనని మా అమ్మాయి పట్టేసింది. తొమ్మిదో తరగతి చదువుతోంది. నేను ఇంజనీరింగ్ చదివాను, అది వేరే సంగతి.

మల్టీమీటరులో 12 వోల్టులు చూపించినా మురిసిపోకండి. లోడ్, అంటే కరెంటు వాడుకునే వస్తువు లేనప్పుడు చేత్తో తిప్పినా వోల్టేజి కనిపిస్తుంది. బల్బు తగిలించి కరెంటు పారగానే కాయిల్ చక్రాన్ని వెనక్కి పట్టుకుంటుంది, లెంజ్ నియమం అదే. నాది బల్బు తగిలిస్తే ఐదారు సెకన్లలో ఆగేది.

అందుకే అమ్మేవాళ్లని ఒక్కటే అడగండి. యంత్రాన్ని గాజు బల్ల మీద పెట్టి, 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు తగిలించి, మీ కళ్లముందు 24 గంటలు ఆపకుండా నడపమనండి. అది 1.44 యూనిట్ల కరెంటు. లోపల దాచడానికి వీలైన 12 వోల్టుల 7 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉండేది 84 వాట్-అవర్లు, గంటన్నర కూడా రాదు.

ఇప్పటికే కొన్నవాళ్లు జిగురుని నమ్మి వేగంగా తిప్పకండి. 20 సెంటీమీటర్ల చక్రం నిమిషానికి 1500 చుట్లు తిరిగితే అంచున ఉన్న 15 గ్రాముల మాగ్నెట్‌ని దాదాపు నాలుగు కిలోల బరువు బయటికి లాగుతున్నట్టు ఉంటుంది. ఊడితే గంటకి 56 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. డ్రిల్ మెషిన్‌తో తిప్పి చూస్తుంటే నాది ఒకటి ఊడి గోడకి తగిలి ముక్కలైంది, కళ్లద్దాలు పెట్టుకోబట్టి సరిపోయింది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లని వీటి దగ్గరికి రానివ్వకండి. పిల్లలు రెండు మాగ్నెట్లు మింగితే పేగులు మధ్యలో నొక్కుకుపోయి చిల్లు పడొచ్చు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

డబ్బు వెనక్కి అడిగితే పీడీఎఫ్ చివరి పేజీ చూడమన్నారు. సన్నటి అక్షరాల్లో 'ప్రయోగాత్మక నమూనా, విద్యా ప్రయోజనాలకు మాత్రమే' అని ఉంది. కొనేముందు చూసిన ప్రకటనలో ఆ మాట లేదు, దాని స్క్రీన్‌షాట్ నేను దాచుకోలేదు. మీరు దాచుకోండి.

నిన్న మళ్లీ మెసేజ్ వచ్చింది, కొత్త మోడల్ దిగిందట, పాత కస్టమర్లకి తగ్గింపట. గాజు బల్ల, 60 వాట్ల బల్బు సంగతి రాసి పంపాను. చదివినట్టు రెండు నీలం టిక్కులు పడ్డాయి.