పాత ముద్ర ఉన్న కొత్త సిలిండరా, కొత్త ముద్ర ఉన్న పాత సిలిండరా?

కర్నూలుకు సముద్రం ఎంత దూరమో అందరికీ తెలుసు. అయినా నీటి అడుగున ఊపిరి పీల్చేందుకు గాలి నింపి వీపున మోసుకెళ్లే స్కూబా సిలిండర్ల అవసరం ఇక్కడ ఉంది. బ్యారేజీ గేటు కింద ఇరుక్కున్న దుంగను తీయాలన్నా, పంపుహౌసు జాలీకి పట్టిన చెత్తను తొలగించాలన్నా, తుంగభద్రలో గల్లంతైనవారిని వెతకాలన్నా ఊపిరి బిగబట్టి దిగే గజ ఈతగాళ్లతో అన్నిసార్లూ పని జరగదు. ఇలాంటి పనులు పట్టే చిన్న బృందం సిలిండర్లు కొనబోతే ఎదురయ్యే సరుకు మూడు రకాలు. మొదటిది ఈమధ్యే తయారై, తాజా పరీక్ష తేదీతో పూర్తి ధర పలికేది. రెండోది ఒక్కసారీ వాడకుండానే గోదాములో రెండు మూడేళ్లు ఉండిపోయి, ఆ కారణంగా ధర తగ్గినది. మూడోది ఎవరో వాడి అమ్మేయగా, మళ్లీ పరీక్ష చేయించి కొత్త తేదీ ముద్ర కొట్టించినది. చాలామంది మొదటిదాన్ని కొనలేక మూడోదానివైపు మొగ్గుతారు. నా ఓటు రెండోదానికి, కొన్ని షరతులతో.

ముందు ఆ తేదీ సంగతి చూద్దాం. మన వంటగ్యాస్ సిలిండరు మీద ఏ, బీ, సీ, డీ అక్షరాల్లో ఒకటి, పక్కన సంవత్సరం ఉంటాయి. అది తర్వాతి పరీక్ష ఎప్పటిలోగా జరగాలో చెప్పే గడువు. స్కూబా సిలిండరు భుజం మీద, అంటే మెడ కింద వంపు తిరిగిన చోట, కొట్టే తేదీ అలాంటిది కాదు, పరీక్ష జరిగిన తేదీ. వంటగ్యాస్ అలవాటుతో దీన్ని చదివితే, బోలెడంత గడువున్న సిలిండరు కూడా కాలం చెల్లినదిగా కనిపిస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. యూరప్ పద్ధతిలో సంవత్సరం ముందు, నెల తర్వాత కొడతారు. అమెరికా పద్ధతిలో నెల ముందు, సంవత్సరం చివర, మధ్యలో పరీక్షించిన సంస్థ గుర్తు ఉంటాయి.

ఈ పరీక్షనే హైడ్రో టెస్టు అంటారు. అందులో సిలిండరును నీటితో నింపి, నీటి తొట్టిలో ఉంచి, మామూలు వాడకపు పీడనం కంటే బాగా ఎక్కువ పీడనం ఇస్తారు. అమెరికా ప్రమాణాల ప్రకారం 3,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో పీడనం కొలత) అల్యూమినియం సిలిండరుకు 5,000 దాకా ఇస్తారు. లోహం ఎంత సాగింది, పీడనం తీసేశాక ఎంత మేరకు వెనక్కి రాలేదు అని కొలుస్తారు. మొత్తం సాగుదలలో పది శాతానికి మించి శాశ్వతంగా మిగిలిపోతే ఆ సిలిండరు పనికిరాదు. అంటే ఆ ముద్ర ఆ రోజు లోహం స్థితికి మాత్రమే సాక్ష్యం. పూర్తిగా నింపకుండా, వాల్వు మూసి, పొడిగా ఉంచిన అల్యూమినియం సిలిండరులో రెండేళ్లలో చెప్పుకోదగ్గ మార్పేమీ రాదు. తరిగిపోయేది తర్వాతి పరీక్షకు ఉన్న గడువే. అమ్మినా అమ్మకపోయినా అది ముద్ర వేసిన నాటి నుంచే నడుస్తుంది.

కాబట్టి బేరం ఆడాల్సింది నెలల లెక్కన. గడువు దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో, యూరప్‌లో సాధారణంగా అయిదేళ్లు, ఆస్ట్రేలియాలో ఏడాదే. మన దగ్గర టెస్టింగ్ స్టేషన్ ధ్రువపత్రంలో రాసిన తర్వాతి గడువునే ప్రమాణంగా తీసుకోవాలి. లెక్క కోసం అయిదేళ్లు, అంటే 60 నెలలు అనుకుందాం. ఒక్కో సిలిండరుకు పరీక్ష ఫీజు, రవాణా, ఓ-రింగుల (వాల్వు దగ్గర గాలి కారకుండా ఆపే రబ్బరు చుట్లు) మార్పు కలిపి 6,000 రూపాయలు పడుతుందనుకుంటే నెలకు వంద రూపాయలు. ముద్ర వేసి 26 నెలలైతే మీరు పోగొట్టుకునేది 2,600. డీలరు అయిదు వేలు తగ్గిస్తే లాభమే. పదిహేను వందలు తగ్గించి "సీలు తీయని సరుకు సార్" అంటే నమస్కారం పెట్టి వచ్చేయవచ్చు.

రాయలసీమలో ఈ లెక్కకు రవాణా భారం ఎక్కువ. కర్నూలు నుంచి హైదరాబాదుకైనా, అనంతపురం నుంచి బెంగళూరుకైనా రెండొందల కిలోమీటర్ల పైమాటే. గాలి ఖాళీ చేసి, బండి కట్టించి పంపాలి, తిరిగి వచ్చేదాకా పని ఆపుకోవాలి. అందుకే సంవత్సరంతో పాటు నెల కూడా చూడాలి. గడువు ఆగస్టులో ముగిసే సిలిండర్లన్నీ ఒకేసారి టెస్టుకు వెళితే, నదికి వరద వచ్చినప్పుడు బృందం ఒడ్డున కూర్చోవాల్సి వస్తుంది. వేర్వేరు నెలల ముద్రలున్నవి కలిపి కొనడం మంచిదే, డీలరు విసుక్కున్నా సరే.

ఇక షరతులు. వాల్వు కొద్దిగా తిప్పమనండి. బుస్సుమని గాలి రావాలి. లోపల కొద్దిపాటి పీడనం నిలిచి ఉందంటే బయటి తేమ లోపలికి చేరలేదని ధైర్యం. గాలి చప్పుడే లేకపోతే నిపుణుడి చేత వాల్వు తీయించి, చిన్న లైటు దింపి లోపల చూడాలి. ఉక్కు సిలిండరైతే ఇది తప్పనిసరి, ఎందుకంటే తుప్పు గోడను తినేయడంతో ఆగదు. మూసిన సిలిండరులో తుప్పు పట్టే క్రమంలో గాలిలోని ఆక్సిజన్ కూడా ఖర్చవుతుంది. అలాంటి గాలి పీల్చినవాడికి ఏం జరుగుతోందో తెలియకముందే స్పృహ తప్పవచ్చు. పాత ముద్ర సరుకులో నేను అల్యూమినియానికే మొగ్గు చూపడానికి కారణం ఇదే. ఖాళీ అయ్యేకొద్దీ అది నీటిలో పైకి తేలుతుంది, నడుముకు బరువులు ఎక్కువ కట్టాలి. ఆ ఇబ్బంది భరించవచ్చు.

రేకుల షెడ్డులో మన ఎండలకు ఉంచిన సరుకులో లోహానికి ఢోకా లేదు గానీ రబ్బరు ఎండిపోతుంది. ఓ-రింగులు కొత్తవి వేయించి ఇవ్వమని డీలరును అడగాలి. గడువు ఇప్పటికే దాటిపోయి ఉంటే, ఎంత కొత్తదైనా పరీక్ష చేయించి అప్పగించే బాధ్యత అమ్మేవాడిదే. అలాంటిదాన్ని నింపేందుకు ఫిల్లింగ్ స్టేషన్ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

వీటన్నిటికంటే ముందు పెసో (పేలుడు పదార్థాలు, గ్యాస్ సిలిండర్ల భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతి కాగితం చూడాలి. గ్యాస్ సిలిండర్ల నిబంధనలు 2016 కింద అనుమతి పొందిన రకం కాకపోతే ముద్ర నిన్నటిదైనా ఆ సిలిండరు ఇక్కడ దండగ. విదేశం నుంచి చవకగా తెప్పించామని చెప్పే సరుకులో బోల్తా పడేది ఇక్కడే.

కొత్త ముద్ర ఉన్న పాత సిలిండరు మీద నాకెందుకు గురి లేదంటే, దాని గతం మనకు తెలియదు. 1980ల దాకా 6351 అనే మిశ్రమలోహంతో చాలా అల్యూమినియం సిలిండర్లు వచ్చాయి. వాటిలో కొన్నిటికి మెడ దగ్గర మెల్లగా బీటలు పెరిగే జబ్బు ఉంది. హైడ్రో టెస్టు ఆ బీటలను పట్టుకుంటుందన్న హామీ లేదు, లోహంలో విద్యుత్ ప్రవాహం పుట్టించి బీటలను పసిగట్టే ఎడ్డీ కరెంట్ పరీక్ష విడిగా కావాలి. రంగు వేసి కొలిమిలాంటి వేడిలో ఆరబెట్టిన అల్యూమినియం బలం కోల్పోతుంది, పైకి మాత్రం తళతళలాడుతుంది. వాల్వు మరలు మరో బెడద. ఎం25 (25 మిల్లీమీటర్ల) మరకూ ముప్పావు అంగుళం మరకూ తేడా కంటికి ఆనదు. ఒకదానిలో మరొకటి బిగిసినట్టే ఉండి పీడనం ఎక్కాక తూటాలా ఎగిరిపోవచ్చు. పాతదాన్ని కొంటే తెలిసిన బృందం దగ్గరే, మొదటి బిల్లుతో సహా కొనాలి.

నేను చెప్పినదంతా లోహపు సిలిండర్లకే. అగ్నిమాపక సిబ్బంది వీపున మోసే కార్బన్ ఫైబర్ రకం చవకగా దొరికిందని ఎవరైనా అంటే లెక్క తిరగబడుతుంది. వాటిలో చాలావాటికి తయారీ నుంచి 15 ఏళ్ల ఆయుష్షే ఉంటుంది. అక్కడ పోయిన రెండేళ్లు టెస్టు చేయించినా తిరిగి రావు.

తాజా ముద్ర ఉన్న కొత్తదానికి పూర్తి ధర ఎప్పుడు పెట్టాలి? టెండరులో తయారీ సంవత్సరం షరతు ఉన్నప్పుడు, లేదా పాత ముద్ర సరుకులో గడువు ఏడాదిన్నర కంటే తక్కువ మిగిలినప్పుడు. తక్కిన సందర్భాల్లో అడ్వాన్సు పంపేముందు ప్రతి సిలిండరు భుజం ఫోటో తెప్పించుకోండి. బిల్లులో సీరియల్ నంబరు పక్కనే చివరి పరీక్ష నెల, సంవత్సరం రాయించండి. వచ్చిన సరుకును దించుకునేముందు ఆ నంబర్లతో సరిచూసుకోండి, తేడా ఉంటే ఆ బండిలోనే తిప్పి పంపండి.