పడక్కుర్చీ, పక్కన దీపం: విశాఖ ఉప్పుగాలిలో మా చదువు మూల

ఇంట్లో చదువుకోవడానికి ఒక మూల కావాలనుకునేవాళ్లు ముందు ఫొటోలు చూస్తారు. తెల్లగోడ, మెత్తటి రగ్గు, గాజు సీసాలో మిణుకుమిణుకుమనే బల్బుల తీగ, కిటికీ దగ్గర కప్పులో కాఫీ. విశాఖలో సముద్రానికి దగ్గరగా, రెండు బెడ్‌రూముల ఫ్లాటులో ఉండే మాలాంటివాళ్లకి ఆ ఫొటోల్లో పనికొచ్చేది కాఫీ ఒక్కటే. మా హాల్లో బాల్కనీ తలుపు పక్కన ఐదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు చోటుని ఇందుకోసం వదిలేసి ఏళ్లు గడిచాయి. అందులో ఏవి నిలబడ్డాయి, ఏవి అటకెక్కాయి అన్నది రాస్తున్నాను.

ముందే చెప్పేస్తాను. కుర్చీకి, దీపానికి పెట్టిన డబ్బు పూర్తిగా గిట్టుబాటైంది. పుస్తకాల రాక్‌కి పెట్టింది సగం. మిగతావి లేకపోయినా కొంప మునిగేది కాదు.

మాది టేకు పడక్కుర్చీ. మామయ్యగారు విజయనగరంలో ఉద్యోగం చేసే రోజుల్లో చేయించింది. చట్రానికి ఇప్పటిదాకా పాలిష్ తప్ప ఇంకేమీ చేయించలేదు. గుడ్డ సంగతి వేరు. పైనా కిందా మడిచి గొట్టంలా కుట్టిన అంచుల్లోకి రెండు కర్రలు దూర్చి, ఆ కర్రల్ని చట్రంలో కూర్చోబెడతారు. కొత్తలో గుడ్డ బిగువుగా ఉండి నడుముకి ఆనుతుంది. ఏడాదిన్నర తిరిగేసరికి సాగుతుంది. సాగిన సంగతి కంటికి తెలియదు, ఒంటికి తెలుస్తుంది. నడుము కిందికి దిగిపోతుంది, ముందు కర్ర తొడల కింద ఒత్తుకుంటుంది, అరగంటకే కాళ్లు తిమ్మిరెక్కుతాయి. కుర్చీ మీద విసుగు పుట్టిందంటే మార్చాల్సింది కుర్చీని కాదు, గుడ్డని. టెంట్లకి వాడే మందపాటి కాన్వాస్ తీసుకెళ్లి, పరుపులూ దిండ్లూ కుట్టే అతని దగ్గర రెండు వరసల కుట్టు వేయిస్తే సరిపోతుంది. గుడ్డ, కుట్టుకూలి కలిపి మాకు ఈమధ్య 700-800 రూపాయలైంది. పాత గుడ్డని కొలతకి ఇవ్వకూడదు. అది ఎలాగూ సాగి ఉంటుంది కదా, దాని కొలత ప్రకారం కుడితే కొత్తది కూడా మొదటిరోజే వేలాడుతుంది. రెండు అంగుళాలు తగ్గించి కుట్టమనాలి.

వెనక వాలు మార్చుకోవడానికి మూడు గాడులుంటాయి. చదవడానికి మొదటి గాడే. రెండోది పేపరు చూస్తూ మాట్లాడుకోవడానికి. మూడోదాంట్లో పెట్టారంటే ఆ పూటకి చదువు అయిపోయినట్టే, పది పేజీలకే కునుకు పడుతుంది. అది కూడా తప్పేం కాదు గానీ, తల వెనక్కి వాలిపోయి లేచేసరికి మెడ పట్టేస్తుంది. పాత తువ్వాలు చుట్టి మెడ కింద పెట్టుకుంటే సర్దుకుంటుంది. దీనికోసం ప్రత్యేకంగా దిండ్లు అమ్ముతున్నారు, అవసరం లేదు.

ఈ కుర్చీలో అసలు సుఖం దాని పొడుగాటి చేతులు. పుస్తకం పట్టుకున్న చేతి బరువంతా వాటి మీద పడుతుంది, భుజాలు లాగవు. లావు నిఘంటువులు, పాత బైండు పుస్తకాలు మాత్రం ఇందులో చదవలేం. వాలి కూర్చున్నప్పుడు బరువైన పుస్తకం పొట్ట మీదికి జారుతుంది. వాటికి డైనింగ్ టేబులే దిక్కు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కూడా ఈ కుర్చీ నేను చెప్పను. కూర్చోవడం తేలికే, లేవడానికి ఇంకొకరి చెయ్యి కావాలి. అందుకే అత్తయ్యగారికి పక్కనే నిటారు వీపున్న పేము కుర్చీ ఒకటి వేశాం. ఆవిడ మధ్యాహ్నం భోజనమయ్యాక అందులో కూర్చుంటే నాలుగింటి టీ దాకా ఆ మూల ఆవిడదే.

మా అమ్మాయి పట్టుబట్టి కొనిపించిన బీన్ బ్యాగ్ గురించి రెండు ముక్కలు. లోపలి థర్మాకోల్ గింజలు నలిగి ఏడాదికే చప్పబడిపోయింది, మే నెలలో రెగ్జిన్ ఒంటికి అతుక్కుంటుంది. ఇప్పుడది పక్కింటివాళ్ల పిల్లిది.

ఇక దీపం. నా ఉద్దేశంలో చదువు మూలంటే దీపమే, కుర్చీ దాని తర్వాత. హాల్లో ట్యూబ్‌లైటు ఉంది కదా అంటారు. ట్యూబ్‌లైటు గది నడిమికి వెలుగిస్తుంది, మనం మూలన కూర్చుంటే మన తల నీడ మన పేజీ మీదే పడుతుంది. దీపానికీ పేజీకీ మధ్య దూరం సగమైతే వెలుగు దాదాపు నాలుగింతలవుతుంది. అందుకే తొమ్మిదడుగుల ఎత్తున పెద్ద బల్బు బిగించేకన్నా, రెండున్నర అడుగుల దూరంలో మామూలు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు మేలు. దాని వెలుగు 800-900 ల్యూమెన్లు ఉంటుంది, పుస్తకానికి బోలెడు.

దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే కిటుకు. ఎదురుగా పెడితే కంట్లో కొడుతుంది. నెత్తి మీద పెడితే నున్నటి పత్రిక కాగితం అద్దంలా మెరుస్తుంది. కుడిచేత్తో పెన్సిలు పట్టుకుని గీతలు గీసుకునే అలవాటుంటే ఎడమ భుజం వెనకనుంచి, కూర్చున్నప్పుడు చెవికి జానెడు పైన ఉండేలా చూసుకోవాలి. మేం మొదట నేల మీద నిలబెట్టే ఇనప స్టాండు దీపం వాడాం. ఉప్పుగాలికి దాని అడుగు పళ్లెం తుప్పు పట్టి టైల్స్ మీద గుండ్రటి మరక వదిలింది, ఎంత రుద్దినా పోలేదు. ఇప్పుడు గోడకి బిగించిన అల్యూమినియం చెయ్యి దీపం ఉంది, అటూ ఇటూ తిరుగుతుంది. సముద్రం దగ్గర ఉండేవాళ్లు ఇనుము జోలికి పోకపోవడమే మంచిది.

బల్బు రంగు విషయంలో ఫొటోలు చెప్పేదానికీ మా అనుభవానికీ పొంతన లేదు. పసుపుపచ్చటి వెలుగుంటేనే హాయి అంటారు. డబ్బా మీద 2700 కె అని ఉండేది ఆ పచ్చ వెలుగు, 6500 కె అని ఉండేది మన ఇళ్లలో అలవాటైన తెల్ల వెలుగు. మొదట 2700 బల్బే పెట్టాం. చూడ్డానికి బాగుంది. రెండోరోజే అత్తయ్యగారు, “ఈ దీపం కింద ఒత్తులు కనపడ్డం లేదే అమ్మా” అన్నారు. ఆవిడ చదివేవి పాత వారపత్రికల్లోంచి చింపి బైండు చేయించుకున్న సీరియల్స్. కాగితం ఎప్పుడో పసుపెక్కింది, సిరా వెలిసింది. పచ్చ కాగితం మీద పచ్చ వెలుగు పడితే అక్షరం కాగితంలో కలిసిపోతుంది. పైగా తెలుగు అచ్చులో గొడవంతా చిన్న గీతల్లోనే ఉంది. ‘ద’కీ ‘ధ’కీ, ‘ప’కీ ‘ఫ’కీ తేడా కింద ఒక్క పుల్లే. పాత లెటర్‌ప్రెస్ అచ్చులో ఆ పుల్ల సగం సార్లు విరిగి ఉంటుంది. దానికి తోడు వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, కంట్లో లెన్స్ కూడా పసుపెక్కుతుంది, వెలుతురు ఎక్కువ కావాలి. చివరికి మధ్యస్థంగా ఉండే 4000 కె బల్బు పెట్టాం. అప్పట్నుంచి ఎవరి నోటా ఫిర్యాదు లేదు. ఇంట్లో పెద్దవాళ్లు చదివేవాళ్లయితే ఇదే కొనండి.

గాలి సంగతి ఎవరూ రాయరు. బహుశా ఆ ఫొటోలు తీసినవాళ్లకి చెమట పట్టదేమో. మా ఊళ్లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా గాల్లో తేమకి కుర్చీ చేతులు కూడా జిడ్డుగా తగులుతాయి. సీలింగ్ ఫ్యాను జోరుగా వేస్తే పేజీలు వాటంతటవే తిరుగుతాయి, తగ్గిస్తే మూలదాకా గాలి రాదు. చిన్న గోడ ఫ్యాను ఒకటి మోకాళ్ల ఎత్తున బిగించి, కాళ్ల మీదికి తిప్పి, ఒకటో నంబరు మీద వాడుతున్నాం. కాళ్లకి గాలి తగిలితే ఒళ్లంతా చల్లబడినట్టే ఉంటుంది, పేజీ కదలదు. సాయంత్రం దోమలకి బాల్కనీ తలుపుకి మెష్ వేయించాం, అది లేకుండా ఆరు తర్వాత అక్కడ కూర్చోలేం.

పుస్తకాల రాక్ దగ్గర మాత్రం తిప్పలు పడ్డాం. మా చెల్లెలు బెంగళూరు మారిపోతూ ఇచ్చిన పార్టికల్ బోర్డు రాక్ మొదట ఉండేది. అక్టోబరు తుపానుకి బాల్కనీ తలుపు సందులోంచి నీళ్లొచ్చి, అడుగు పలక తడిసిన అట్టముక్కలా ఉబ్బింది, ఇక ఎండబెట్టినా దిగలేదు. ఆ బోర్డు అంటేనే రంపపు పొట్టూ జిగురూ కాబట్టి నీళ్లు పీలిస్తే అంతే. తర్వాత వడ్రంగి చేత 18 మిల్లీమీటర్ల బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్లకి కూడా తట్టుకునే రకం) ప్లైవుడ్‌తో చేయించాం. ‘కమర్షియల్’ అని తక్కువ ధరకి ఇచ్చేది తేమకి కొంతవరకే ఆగుతుంది, మన తీరప్రాంతంలో వద్దు. రాక్‌లో ఒక్కో అర పొడవు రెండున్నర అడుగులు దాటనివ్వకండి. బైండు పుస్తకాలు అడుగు పొడవుకి పది కిలోల దాకా తూగుతాయి, మూడడుగుల పలకైతే మధ్యలో వంగుతుంది. అర ఎత్తు పదంగుళాలు పెట్టిస్తే డెమ్మీ సైజు నవలలన్నీ పడతాయి. కింది అర ఒక్కటి పద్నాలుగు పెట్టించి పత్రికల బైండ్లకి వదిలాం.

రాక్‌ని గోడకి రెండంగుళాలు ఎడంగా నిలబెట్టాం. బయటి గోడ కదా, వానాకాలంలో చెమ్మెక్కుతుంది, ఆనించి పెడితే పుస్తకాల వెనక బూజు పట్టేస్తుంది. కిటికీ దగ్గర పెట్టమని చాలామంది సలహా ఇచ్చారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు ఊళ్లో కిటికీ అద్దాల గతి చూసినవాళ్లెవరూ ఆ పని చెయ్యరు. ఎండ తగిలినా చేటే, చవక కాగితం ఎండకి ఇంకా తొందరగా పసుపెక్కి పెళుసుబారుతుంది.

పురుగుల్లో మమ్మల్ని ఎక్కువ ఏడిపించింది చెదలు కాదు, పుస్తకం తెరవగానే వెండిరంగులో మెరిసి జారిపోయే ఆ చిన్న పురుగు. దానికి కాగితంకన్నా బైండింగ్‌లో వాడే మైదా జిగురంటే ప్రాణం. పాత బైండర్లు జిగురు ఉడికించేటప్పుడు మైలుతుత్తం కలిపేవారు, అలా చేసినవి ఇప్పటికీ బాగున్నాయి. కలపనివి వెన్నుదగ్గర జల్లెడైపోయాయి. మైలుతుత్తం విషం కాబట్టి పుస్తకం పట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి, వేలు తడిచేసి పేజీ తిప్పే అలవాటు మానాలి (అత్తయ్యగారు మానలేదు). వేపాకు పెట్టి చూశాం, ఎండి పొడై పుస్తకాల మధ్య చెత్త తయారైంది తప్ప లాభం కనపడలేదు. నాఫ్తలీన్ ఉండల వాసనకి నాకు తలనొప్పి, పైగా జీ6పీడీ లోపమున్న (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము లోపం) పసిపిల్లలకి వాటి ఆవిరి ప్రమాదం, చంటిపిల్లలున్న ఇంట్లో అసలు వద్దు. నిజంగా పనిచేసింది ఒక్కటే. నెలకోసారి ఒక్కో అర ఖాళీ చేసి, పొడిగుడ్డతో తుడిచి, పుస్తకాలని ఫ్యాను కింద నీడలో గంటసేపు తెరిచి పెట్టడం. మా ఊరి నల్లటి దుమ్ము సంగతి తెలిసినవాళ్లకి ఆ గుడ్డ ఏ రంగులో తేలుతుందో చెప్పక్కర్లేదు.

రగ్గు కొన్నాం, తేమకి వాసనొచ్చి తీసేశాం. దాని చోట చాప ఉంది. బల్బుల తీగ దీపావళికి తప్ప బయటికి రాదు. మనీప్లాంటు కుండీ రాక్ మీద పెట్టొద్దు, నీళ్లు కారతాయి.

ఇంకా తేలని గొడవ ప్లగ్ పాయింటు. మూలన స్విచ్‌బోర్డు లేదు. దీపానికీ ఫ్యానుకీ సోఫా వెనకనుంచి ఎక్స్‌టెన్షన్ వైరు లాగాం, ఇల్లు తుడిచే అమ్మాయి చీపురుకి అది వారానికోసారైనా ఊడుతుంది. ఎలక్ట్రీషియన్ని పిలిస్తే గోడ కొట్టాలన్నాడు, ఇంటికి రంగులు వేయించేటప్పుడు చూద్దామని మా ఆయన అంటున్నారు. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు ప్లాస్టరింగ్‌కి ముందే ఆ మూలన రెండు పాయింట్లు, నేలకి మూడడుగుల ఎత్తున, అడిగి పెట్టించుకోండి.