కాలు ఇంకా పూర్తిగా కుదుటపడలేదు, ఆఫ్రికా సఫారీకి మసాయి మారానా, క్రూగరా, చోబేనా?

ఈ మధ్య కనీసం పదిమంది నన్ను ఇదే అడిగారు, ఆపరేషన్ అయ్యి ఆర్నెల్లో ఏడాదో అయ్యిందండి, ఆఫ్రికా వెళ్ళొచ్చా, వెళ్తే ఏ దేశం మేలు అని. ఇద్దరికి నడుము, ఒకాయనకి తుంటి, మిగతా అందరికీ నాలాగే మోకాలు. ఒక్కొక్కళ్ళకి విడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాసేద్దామని కూర్చున్నా, ఎలాగూ నా టికెట్లు కూడా పోయిన వారమే బుక్ అయ్యాయి.

నా సంగతి ముందు చెప్తా, ఎందుకంటే మీ దెబ్బ వేరైతే మీ లెక్క కూడా మారుతుంది. బండి మీంచి పడి మోకాలి కింద ఎముక పైభాగం విరిగింది, ఒక ప్లేటు, ఏడు స్క్రూలు. ఇప్పుడు ఎనిమిదో నెల. ఇంట్లో చేతికర్ర లేకుండా తిరుగుతున్నా, బయటికి వెళ్తే మాత్రం పట్టుకునే వెళ్తున్నా. మారా నది దాటే వైల్డ్‌బీస్టుల (జింకజాతి పెద్ద జంతువులు) మందని చిన్నప్పుడు టీవీలో చూసిన రోజు నుంచీ ఆఫ్రికా వెళ్ళాలని ఉంది నాకు. పదేళ్ళు డబ్బులు దాచుకున్నాం, సెలవులు కుదిరాయి, సరిగ్గా అప్పుడే కాలు విరిగింది.

అందరూ ఏ జంతువు ఎక్కడ బాగా కనిపిస్తుంది, ఏ నెల మంచిది, ఎంతవుతుంది అని పోలుస్తారు. మంచం మీద ఉన్న మూడు నెలలూ నేనూ అదే పోల్చాను. కానీ కాలు బాగోలేనప్పుడు వీటన్నిటికంటే ముందు చూడాల్సింది కుదుపు. ఇది ఎవరో చెప్తే తెలిసింది కాదు, కొలిచి చూసుకున్నా. మా ఫిజియో సలహా మీద ఒక ఆదివారం మోకాలి కింద నాలుగు వేళ్ళ దూరంలో పెన్నుతో గీత పెట్టుకుని టేపుతో చుట్టుకొలత తీశా, ముప్ఫై ఆరున్నర సెంటీమీటర్లు. మంచి తారు రోడ్డు మీద రెండు గంటలు కార్లో తిరిగొచ్చాక మళ్ళీ కొలిస్తే ముప్ఫై ఏడు లోపే ఉంది. తర్వాతి ఆదివారం గతుకుల మట్టి రోడ్డు మీద నలభై నిమిషాలు తిరిగాం. ఇంటికొచ్చేసరికి ముప్ఫై ఎనిమిది, ఆ రాత్రి మోకాలు సలుపుతుంటే నిద్ర పట్టలేదు, రెండు రోజులు మెట్లు ఎక్కలేకపోయా. దూరం ఎంతైనా నా కాలు ఓర్చుకుంటుందని, కుదుపు మాత్రం ఓర్చుకోదని ఆ రోజు అర్థమైంది. మీరు బుక్ చేసేముందు ఈ టేపు పరీక్ష తప్పకుండా చేసుకోండి, రిపోర్టులు చెప్పని సంగతి అది చెప్తుంది.

ఇప్పుడు కెన్యాలోని మసాయి మారా దగ్గరికొద్దాం. జూలై నుంచి అక్టోబర్ దాకా పక్కనే టాంజానియాలో ఉన్న సెరెంగెటి వైపు నుంచి పది లక్షలకు పైగా వైల్డ్‌బీస్టులు, వాటితో జీబ్రాలు పచ్చిక వెతుక్కుంటూ వస్తాయి, అలాంటిది ఇంకెక్కడా లేదు, దీంట్లో వాదన అనవసరం. సింహాలు, చీతాలు కూడా మైదానంలో దాపరికం లేకుండా కనిపిస్తాయి. నైరోబీ నుంచి రోడ్డు మీద ఐదారు గంటలు పడుతుంది, వద్దనుకుంటే విల్సన్ ఎయిర్‌పోర్ట్ నుంచి చిన్న విమానంలో గంట లోపే దిగొచ్చు, కాకపోతే 15 కిలోల మెత్తటి బ్యాగే తీసుకెళ్ళనిస్తారు, విమానం మెట్లు ఇరుకు. సమస్య దిగాక మొదలవుతుంది. అక్కడ నేల బ్లాక్ కాటన్ సాయిల్, అంటే మన నల్లరేగడి లాంటిదే, ఎండితే గట్టి గాళ్ళు పడుతుంది, వాన పడితే బండి కూరుకుపోతుంది. గైడ్లు ఆ కుదుపులకి ఆఫ్రికన్ మసాజ్ అని పేరు కూడా పెట్టుకున్నారు, నడుముకీ మోకాలికీ దెబ్బ తగిలినవాళ్ళకి ఆ మసాజ్ అస్సలు పడదు.

ఇంకో సంగతి, నది దాటే సీన్ చూడాలంటే ఒడ్డుకి దూరంగా గంటల తరబడి బండిలోనే కాసుకుని ఉండాలి, కిందకి దిగనివ్వరు. మంద నీళ్ళలోకి దిగగానే ఆగి ఉన్న బండ్లన్నీ ఒక్కసారిగా ఒడ్డుకి పరిగెత్తుతాయి. ఆ రెండు నిమిషాల పరుగు గురించి చదివినప్పుడే నాకు గుండె జారింది, బండిలో ఇంకో ఐదుగురు దానికోసమే వేల మైళ్ళు వచ్చి ఉంటే నా కాలి కోసం మెల్లగా పోనీమని ఏ నోటితో అడుగుతాం? పైకప్పు తెరిచే బండ్లలో బాగా కనిపించాలంటే లేచి నిలబడాలి కూడా. ఒక ట్రావెల్ ఏజెంట్‌ని బండి మెట్టు ఎంత ఎత్తుంటుందని మూడుసార్లు అడిగా, మూడుసార్లూ ఏం పర్లేదు మేడమ్, పెద్దవాళ్ళు కూడా ఎక్కేస్తారు అన్నాడు తప్ప ఎత్తు ఎంతో చెప్పలేదు. అలాంటి చోట బుక్ చేయకండి. ఎత్తు చెప్పగలిగినవాళ్ళే మీ కాలి గురించి ఆలోచిస్తారు.

ఫీజు కూడా చూసుకోండి, 2024 నుంచి జూలై-డిసెంబర్ మధ్య విదేశీయులకి మారా ప్రవేశం రోజుకి 200 డాలర్లు, నొప్పొచ్చి గంటకే వెనక్కి వచ్చేసినా ఆ డబ్బు పోయినట్టే. మనవాళ్ళు కెన్యా వెళ్ళొస్తే తిరిగొచ్చేటప్పుడు ఎల్లో ఫీవర్ టీకా సర్టిఫికెట్ చూపించాలి, టీకా వేసుకున్న పది రోజులకి గానీ అది చెల్లదు. అది ప్రాణమున్న వైరస్‌తో చేసే టీకా కాబట్టి దెబ్బకి స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా వేయించుకోవద్దు.

క్రూగర్ దగ్గరికొస్తే నేను కొంచెం పక్షపాతంగానే మాట్లాడతా, ఎందుకంటే నేను ఎంచుకుంది అదే. దక్షిణాఫ్రికాలో దాదాపు 20,000 చదరపు కిలోమీటర్ల అడవి, 1926లో నేషనల్ పార్క్ అయ్యింది, లోపల వందల కిలోమీటర్ల తారు రోడ్డు ఉంది, మన కారు మనమే నడుపుకోవచ్చు. మట్టి రోడ్డు ఎక్కాలా వద్దా అన్నది మన ఇష్టం. తారు మీద స్పీడ్ 50 దాటకూడదు, అది నాకు వరమే. అక్కడ కూడా ఎడమ పక్కనే నడుపుతారు, స్టీరింగ్ కుడివైపే, అందుకే మా ఆయన ధైర్యంగా నేను నడుపుతా అన్నాడు, ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుంటే చాలు. నేను వెనక సీట్లో కాలు చాపి కింద దిండు పెట్టుకుని కూర్చుంటా. నొప్పి వస్తే ఎవరి మొహం చూడక్కర్లేదు, బండి తిప్పేయొచ్చు. వేరే చోట్ల ఎంత డబ్బు పెట్టినా ఇది దొరకడం కష్టం.

కాకపోతే క్రూగర్‌లోనూ ఎక్కడపడితే అక్కడ దిగకూడదు, క్యాంపుల్లో, పిక్నిక్ స్పాట్లలో, ఇంకా బోర్డు పెట్టిన కొన్ని చోట్ల మాత్రమే దిగాలి. నాకు గంటకోసారి లేచి కాలు ఆడించాలి. అందుకే మ్యాప్ ముందేసుకుని ఎక్కడ దిగొచ్చో చూసుకుంటూ దారి వేశా. స్కుకుజా క్యాంపు నుంచి లోయర్ సబీ క్యాంపు దాకా సబీ నది వెంబడి వెళ్ళే రోడ్డుంది, హెచ్4-1 అంటారు, సుమారు 45 కిలోమీటర్లు, మొత్తం తారు, మధ్యలో న్కుహ్లు పిక్నిక్ స్పాట్, అక్కడ దిగొచ్చు, టాయిలెట్ ఉంది. చిరుతపులులకి పేరున్న రోడ్డు అది. లోయర్ సబీ క్యాంపు పక్కనే సన్‌సెట్ డ్యామ్, రోడ్డు అంచుకే నీళ్ళు, హిప్పోలు, మొసళ్ళు, నీళ్ళకొచ్చే ఏనుగులు. కార్లో కూర్చుని ఇంజన్ ఆపేసుకుంటే చాలు, కుదుపన్నదే లేదు. స్కుకుజా దగ్గర లేక్ పానిక్ అని నీటి ఒడ్డున దాక్కుని పక్షుల్ని చూసే చోటు ఉంది, కార్ దిగి కొద్ది అడుగులేస్తే బెంచీ మీద కూర్చోవచ్చు. సెప్టెంబర్‌కి ఆకులు రాలి పొదలు పలచబడతాయి, నీళ్ళు తక్కువగా ఉంటాయి కాబట్టి జంతువులే నీటి దగ్గరికొస్తాయి, వాటి వెంట మనం తిరిగే పని తగ్గుతుంది. వీల్‌చైర్ వాళ్ళకి సరిపోయే గదులు కొన్ని క్యాంపుల్లో ఉన్నాయి, ముందే అడిగి బుక్ చేయాలి. మెట్లు లేని గది, బాత్రూంలో పట్టుకునే కడ్డీ, నేను అడిగిన రెండూ దొరికాయి.

క్రూగర్ పక్కన సబీ శాండ్ లాంటి ప్రైవేట్ రిజర్వులు ఉన్నాయి, మధ్య కంచె 1993లోనే తీసేశారు కాబట్టి జంతువులు అటూ ఇటూ తిరుగుతాయి. చిరుతని దగ్గరగా చూడాలంటే అవే గొప్ప, కానీ చిరుత కోసం పొదల మీదుగా బండి పోనిస్తారు, మెట్లమెట్లుగా ఎత్తైన సీట్లు. ఎవరైనా వెళ్తే డ్రైవర్ పక్క సీటు అడగండి, చివరి వరస మాత్రం వద్దు, కుదుపు అక్కడే ఎక్కువ.

మరి చోబే? బోట్స్వానాలో కసానే ఊరు, జోహనెస్‌బర్గ్ నుంచి రెండు గంటల ఫ్లైట్. ఇక్కడ సఫారీ పడవలో. మధ్యాహ్నం ఎక్కితే మూడు గంటలు నది మీద మెల్లగా పోతారు, ఏనుగులు తొండాలు పైకెత్తి నది ఈదుకుంటూ సెడుడు దీవికి వెళ్తాయి, పడవ పక్కనే నీటి అంచున అడవిదున్నలు మేస్తుంటాయి. మోకాలి దృష్టితో చూస్తే ఆఫ్రికాలో ఇంతకంటే మెత్తటి సఫారీ నాకు కనపడలేదు. పడవలోకి ఎక్కేటప్పుడు ఒకళ్ళు చెయ్యి పట్టుకోవాలి, అంతే. పిల్లిజాతి కోసమైతే పొద్దున్నే జీపు ఎక్కాలి, అక్కడ దారి లోతు ఇసుక, బండి అటూ ఇటూ ఊగుతుంది, నేను ఆ జీపు ఎక్కను. అందుకే క్రూగర్ ఆరు రాత్రులు, చివర్లో చోబే రెండు రాత్రులు, చోబేలో రెండు రోజులూ పడవే అని పెట్టుకున్నా. నడుము దెబ్బ వాళ్ళు చోబేకే ఎక్కువ రోజులు ఇవ్వండి. బోట్స్వానాలోనే ఒకవాంగో డెల్టాలో మొకోరో అనే సన్నటి పడవ ఉంటుంది, దాంట్లో దాదాపు నేల మీద కూర్చున్నట్టే కూర్చోవాలి, మోకాలు బాగోలేనివాళ్ళకి లేవడం కష్టం.

మిగతావి క్లుప్తంగా. టాంజానియాలో న్గోరోంగోరో అద్భుతమే, 600 మీటర్ల లోతు గిన్నెలాంటి పాత అగ్నిపర్వత బిలంలోకి దిగడం, కానీ అక్కడి నుంచి సెరెంగెటి దాకా రోడ్డు రేకుల కప్పు మీద బండి నడిపినట్టుంటుంది, ఈ ఏడాదికి కొట్టేశా. నమీబియాలో ఎటోషా, ఒకౌకువేయో క్యాంపులో రాత్రంతా లైట్లు వేసి ఉంచే నీటిగుంట దగ్గర బెంచీ మీద కూర్చుంటే నల్ల ఖడ్గమృగాలే నీళ్ళకొస్తాయి, అది నాకు చాలా నచ్చింది, పార్కులో కంకర రోడ్లు చూసి ఆగా. ఉగాండా, రువాండా గొరిల్లాలు కొండలెక్కాలి, ఇప్పుడొద్దు.

ఎక్కడికెళ్ళినా మారనివి మూడు. కాలికి ఆపరేషన్ అయినవాళ్ళకి పొడుగు ఫ్లైట్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ, డాక్టర్ రాసిస్తేనే టికెట్ కొనండి, నడిచే దారి పక్క సీటు తీసుకోండి. ఇన్సూరెన్స్‌లో పాత దెబ్బ గురించి దాచకుండా రాయండి, ఎయిర్ అంబులెన్స్ ఖర్చు కవర్ అవుతుందా చూడండి. క్రూగర్, చోబే రెండూ మలేరియా ప్రాంతాలే, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ఏ మలేరియా మాత్ర సరిపోతుందో తప్పకుండా అడగండి. మలేరియా మందు అసలు పడనివాళ్ళకి దక్షిణాఫ్రికాలోనే పిలానెస్‌బర్గ్ ఉంది, అక్కడ మలేరియా లేదు.

మారా వదులుకున్నందుకు బాధ లేదంటే అబద్ధం, మొన్న రాత్రి కూడా ఆ నది వీడియోలే చూస్తూ కూర్చున్నా. మందలు ఏటా వస్తాయి, వచ్చే ఏడాది చివర్లో ప్లేటు తీసేద్దామన్నాడు డాక్టర్. ప్రస్తుతానికి రోజూ సాయంత్రం గంట కార్లో, దిండు వేసుకుని, వచ్చాక టేపుతో కొలత. నిన్నటి లెక్క ముప్ఫై ఆరు పాయింట్ ఎనిమిది.