ల్యాప్‌టాప్ వేడిని తగ్గించిన ఒంగోలు మరమ్మతు దుకాణం

వెబ్‌సైట్లు తయారు చేయడం నా వృత్తి. రోహిణి కార్తె ఎండల్లో నా ల్యాప్‌టాప్ ఫ్యాన్ ఆగకుండా మోగుతూ, 40 సెకన్లలో ముగియవలసిన బిల్డ్‌కు (రాసిన కోడ్‌ను వెబ్‌సైట్‌గా సిద్ధం చేసే పనికి) 4 నిమిషాలు తీసుకోసాగింది. తప్పు నా కోడ్‌లోనే ఉందనుకుని, అక్కరలేని ప్యాకేజీలు (ఇతరులు రాసిపెట్టిన కోడ్) తొలగిస్తూ, కాష్ (తాత్కాలికంగా దాచిన ఫైళ్లు) తుడిచివేస్తూ వారం రోజులు గడిపాను. చివరకు ఉష్ణోగ్రత చూస్తే ప్రాసెసర్ 97 డిగ్రీల వద్ద ఉంది. అంతగా వేడెక్కినప్పుడు అది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది కనుక, అసలు కారణం అప్పుడు బోధపడింది.

కర్నూలు రోడ్డులోని ఒక చిన్న దుకాణానికి తీసుకువెళ్లాను. యజమాని అడుగు మూత విప్పి, ఫ్యాన్‌కూ దాని ముందున్న సన్నని లోహపు రేకులకూ మధ్య గుడ్డముక్కలా పేరుకున్న దుమ్మును నాకు చూపించి, రెక్కలు అతివేగంగా తిరిగి పాడవకుండా వేలితో పట్టుకుని గాలి కొట్టి శుభ్రం చేశారు. ఎండిపోయిన థర్మల్ పేస్టును (ప్రాసెసర్ వేడిని దానిపైనున్న లోహానికి చేరవేసే పూతను) తుడిచి కొత్తది పూశారు. అన్నిటికంటే నాకు నచ్చింది, ఆయన పాస్‌వర్డ్ అడగకపోవడం. “మీరే తెరిచి చూసుకోండి సార్” అన్నారు. ఖాతాదారుల సర్వర్లలోకి వెళ్లే తాళాలన్నీ ఉన్న యంత్రాన్ని అప్పగించేవారికి ఈ మర్యాద ఎంత విలువైనదో తెలుస్తుంది.

గంటంబావులో పని ముగిసింది. 600 రూపాయలు తీసుకున్నారు. బిల్లులో చేసిన పనుల వివరం లేకుండా “సర్వీసు” అని మాత్రమే రాయడం ఒక్కటే లోపం. ఏ పేస్టు వాడారో కూడా రాసి ఉండవలసింది. ఇప్పుడు అదే బిల్డ్ 45 సెకన్లలో ముగుస్తోంది, ఉష్ణోగ్రత 78 డిగ్రీలు దాటడం లేదు.