నాకటిష్‌లో పాత కొట్టు, పాత పద్దు

అమ్మ డల్లాస్ వచ్చినప్పుడల్లా మాల్స్ చూసి విసుగెత్తిపోతోందని ఈసారి లూసియానాలోని ఒక చిన్న ఊరికి తీసుకెళ్లాను. ఇంగ్లిష్ స్పెల్లింగ్ ప్రకారం నాచిటోచెస్ అని చదువుతాం కానీ అక్కడివాళ్లు నాకటిష్ అంటారు. కారులో నాలుగున్నర గంటల దూరం. 1714లో ఫ్రెంచివాళ్లు వచ్చి స్థిరపడ్డ ఊరు, లూసియానాలో యూరోపియన్ల ఊళ్లన్నిటికీ ఇదే పెద్దది, వయసులో.

ఒకప్పుడు రెడ్ రివర్ ఈ ఊరిని ఒరుసుకుంటూ పారేది. తర్వాత నది దారి మార్చుకుంది, పడవల వ్యాపారం పడిపోయింది. నది వదిలేసిన పాయే ఇప్పుడు కేన్ రివర్ లేక్. దాని ఒడ్డునే ఇటుకలు పరిచిన ఫ్రంట్ స్ట్రీట్, పూలజడలా అల్లిన ఇనుప కటకటాల బాల్కనీలు. పొద్దున్నే నడిస్తే ఎంత హాయిగా ఉంటుందో!

ఆ వీధిలో నా మనసు దోచింది మాత్రం కాఫీ-ఫ్రెడరిక్ జనరల్ స్టోర్. పేరు చూసి కాఫీ దొరుకుతుందనుకోకండి, అది యజమానుల ఇంటిపేరు. 1863 నుంచి నడుస్తోంది. చెక్క నేల, సరుకులు ఎత్తే పాత లిఫ్టు, పైకప్పు దాకా అరలు. మేకులు, గిన్నెలు, పిల్లల బొమ్మలు అన్నీ ఒకేచోట. అమ్మ ఒక ఇనుప పెనం ఎత్తి, తిప్పి, వేలితో కొట్టి చప్పుడు విని, "ఇది దోసెలకి బాగుంటుందిరా" అంది. తెనాలిలో తాతయ్య కొట్టులోనూ సరుకు ఇలాగే చేత్తో పట్టి చూసి కొనేవాళ్లట. పెనం కొనేశాం.

తిండి సంగతి. ఇక్కడి మీట్ పై చూడ్డానికి అచ్చం మన కజ్జికాయ. లోపల గొడ్డుమాంసం, పందిమాంసం కలిపి పెడతారు. 1967 నుంచి ఉన్న లాసియోన్స్ హోటల్ దీనికి పేరుపడింది. మేము ఆ రెండూ తినం కాబట్టి క్రాఫిష్ పై తీసుకున్నాం, రొయ్యల రుచికి దగ్గరగా, కారంగా బాగుంది. పట్టింపు ఉన్నవాళ్లు మాంసం పైలు వేయించిన నూనెలోనే ఇవీ వేయిస్తారా అని ముందే అడగండి. శాకాహారులైతే ఏదైనా కట్టుకెళ్లడం మంచిది.

బస దగ్గర పొరపాటు చేశాను. పాత ఇల్లని ముచ్చటపడి ఒక బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌లో దిగాం. గది మేడమీద, మెట్లు నిటారుగా ఉన్నాయి. అమ్మ మోకాళ్లతో రెండు రోజులూ టెన్షనే. పెద్దవాళ్లతో వెళ్తే కింది గది ఉందో లేదో ఫోన్ చేసి అడిగాకే బుక్ చేయండి.

ఫ్రంట్ స్ట్రీట్ చూసి వెనక్కి వచ్చేయకండి. ఊరికి దక్షిణంగా నేషనల్ పార్క్ వాళ్లు చూసుకునే ఓక్లాండ్ ప్లాంటేషన్ ఉంది, ఒకప్పుడు బానిసలతో పత్తి పండించిన ఎస్టేట్. టికెట్ లేదు. యజమానుల బంగళా కన్నా అక్కడి పాత కొట్టు దగ్గర ఎక్కువసేపు నిలబడ్డాం. బానిసత్వం పోయాక కూడా అక్కడే పాలికి చేసుకున్న నల్లజాతి కుటుంబాలు ఈ కొట్టులోనే అప్పు మీద సరుకులు తెచ్చుకుని, పంట చేతికొచ్చాక తీర్చేవి. 1983 దాకా ఆ కొట్టు నడిచింది. నేను చదివి చెబుతుంటే అమ్మ, "పంటంతా పద్దుకే పోయేదన్నమాట, మన కౌలురైతుల్లాగే" అని గల్లా బల్ల వైపు చూస్తూ ఉండిపోయింది. ఊళ్లోని అందమైన బాల్కనీల వెనక పత్తి డబ్బు ఎవరి చెమటో అక్కడే తెలిసింది.

మెల్రోజ్ అనే ఇంకో ప్లాంటేషన్ చూడ్డానికి టైం చాలలేదు. ఆ మెల్రోజ్‌లోనే పత్తి ఏరి, వంట చేసి, యాభై దాటాక కుంచె పట్టిన క్లెమెంటైన్ హంటర్ 1955లో వేసిన పెద్ద బొమ్మలు అక్కడి ఆఫ్రికన్ హౌస్ మేడమీద ఉన్నాయి. అమ్మ తిరిగి వెళ్లేలోపు వాటికోసమే ఇంకోసారి వెళ్తాం, ఈసారి కింది గది తీసుకుని.