ఆలన బండి మా ఇంటికి వచ్చిన ఏడు వారాలు

దవడ క్యాన్సర్ పుండు వాసన ఎలా ఉంటుందో అది ఉన్న ఇంటివాళ్ళకే తెలుసు. మా బాపు మంచం చుట్టూ పొద్దున్నుంచి రాత్రి దాకా అగర్‌బత్తీలు వెలిగించేదాన్ని. అయినా జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు వాకిట్లోనే కొలతలిచ్చి పోయేవాళ్ళు. నా చిన్నకొడుకైతే తాత గదిలోకి రావడమే మానేశాడు.

అంతకుముందు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగు రోజులుంచాం. 43 వేలు అయింది. ఐదో రోజు "ఇంక చేసేదేం లేదమ్మా, ఇంటికి తీసుకుపోండి" అన్నారు. ఇంటికి తీసుకుపోయి ఏం చెయ్యాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు.

మా ఊరి ఆశా వర్కర్ చెబితే జిల్లా ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ సెంటర్‌కి పోయాను, అంటే జబ్బు నయం కాకపోయినా నొప్పీ బాధా తగ్గించి చూసుకునే చోటు. తెలంగాణలో చాలా జిల్లాల్లో ఇవి ఉన్నాయి, ఆలన అంటారు. మాది ఏ జిల్లానో చెప్పను, ఎందుకంటే కింద ఒక ఫిర్యాదు కూడా ఉంది. బోర్డు ఇంగ్లీషులో ఉండటంతో గేటు దగ్గరి సెక్యూరిటీకే అదేంటో తెలియదు. నన్ను డయాలసిస్ వార్డుకు పంపాడు. క్యాన్సర్‌కే కాదు, పక్షవాతంతో మంచాన పడ్డవాళ్ళకూ కిడ్నీలు పాడైనవాళ్ళకూ కూడా చూస్తారని లోపలికి పోయాకే తెలిసింది.

డాక్టరమ్మ రిపోర్టులు తెరవకముందే "నొప్పి పదికి ఎంత బాపూ?" అని అడిగింది. బాపుకి మాట రాదు. రెండు చేతులూ ఎత్తి పది వేళ్ళూ చూపించాడు.

మార్ఫిన్ గోలీలు ఇచ్చారు. నాలుగు గంటలకొకటి, నొప్పి లేకపోయినా టైముకి వెయ్యాలి, రాత్రి పడుకునేముందు రెండు. నొప్పి వచ్చాక వేద్దామనుకుంటే దాని వెనకాల పరుగెత్తడమే అవుతుందట. అది మత్తుమందు, అలవాటైపోతుందని మా అన్న గొడవ పెట్టుకున్నాడు. నొప్పికి లెక్కప్రకారం ఇస్తే ఆ భయం అక్కర్లేదనీ, మలబద్ధకం మాత్రం తప్పదనీ చెప్పి దానికీ మందు రాశారు. ఈ గోలీ మామూలు మెడికల్ షాపులో దొరకదు. 2014లో ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం సవరించక ముందైతే రాష్ట్రానికో రూలు, ఒకటికి నాలుగు లైసెన్సులు ఉండేవట. ఇప్పుడు గుర్తింపు ఉన్న ఆసుపత్రికి కొంత సులువైంది. మూడో రోజు రాత్రి బాపు ఐదు గంటలు నిద్రపోయాడు. నాకు నిద్ర పట్టలేదు, ఊపిరి ఆడుతోందో లేదో అని లేచి చూస్తూ కూర్చున్నాను.

తర్వాత ప్రతి గురువారం బండి ఇంటికే వచ్చేది. వాసన సంగతి నేను చెప్పలేదు, సిగ్గనిపించింది. నర్సమ్మ లోపలికి వస్తూనే అగర్‌బత్తీలు చూసింది. ఏమీ అనకుండా మెట్రోనిడజోల్ గోలీలు నాలుగు కాగితంలో మడిచి, మా చపాతీ కర్రతో పిండిలా నూరింది. ఉప్పునీళ్ళతో పుండు కడిగి, తడి అద్ది, ఆ పొడి చల్లి గాజుగుడ్డ వేసింది. రెండోసారి నాతో చేయించింది. (అందరికీ ఒకటే పద్ధతి కాదు, అడగకుండా చెయ్యకండి.) వారం తిరిగేసరికి అగర్‌బత్తీ వెలిగించడం మర్చిపోయాను. చిన్నోడు ఫోన్ పట్టుకుని తాత మంచం మీద కూర్చుని ఆడుకుంటున్నాడు.

ఇంకోరోజు "ఏం కావాలి బాపూ?" అని నర్సమ్మ అడిగితే, నేను కొలతలు రాసుకునే పుస్తకం తీసుకుని "గడ్డం" అని రాశాడు. నాలుగు నెలలుగా మంగలి రాలేదు. ఆవిడ బాగున్న దవడ వైపు తనే గీసింది. బాపు అద్దం అడిగాడు.

ఫిర్యాదేమిటంటే, రాత్రిళ్ళు ఎవరూ ఉండరు. చివరి శనివారం రాత్రి గొంతులో గురగుర మొదలైంది. ఇచ్చిన నంబరుకి ఆరుసార్లు చేశాను, ఎవరూ ఎత్తలేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టమని, ఆ చప్పుడు వల్ల ఆయనకి బాధ ఉండదని పొద్దున ఫోన్‌లో చెప్పారు. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే ఆ రాత్రి అంత టెన్షన్ పడేదాన్ని కాదు. ఈ రివ్యూలో ఒక స్టార్ దానికే తగ్గించాను. డబ్బులు మాత్రం ఒక్క రూపాయి తీసుకోలేదు, టీ తాగమన్నా వద్దనేవాళ్ళు. హైదరాబాదులో ఉండి, ఇంట్లో చూసుకోలేని పరిస్థితి అయితే ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్ ఉంది, చివరి రోజుల్లో ఉన్నవాళ్ళని అక్కడే ఉంచుకుని చూసుకుంటారు, అదీ ఉచితమే.

పదకొండో రోజు అయ్యాక వాళ్ళు మళ్ళీ వచ్చారు. నేను పిలవలేదు. అమ్మకి బీపీ చూస్తే 170 ఉంది. "నువ్వు తింటున్నావా అక్కా?" అని నన్నడిగింది నర్సమ్మ. మిగిలిన మార్ఫిన్ గోలీలు మంచం మీద పోసి ఇద్దరం లెక్కపెట్టాం, పద్నాలుగు. రిజిస్టర్‌లో రాసి నాతో సంతకం పెట్టించుకుని పట్టుకెళ్ళింది.