సర్టిఫికెట్టా, సుంకమా, సంతకమా: బట్టలు కుట్టేవాళ్లకు ఏది మేలు?

2013 ఏప్రిల్ 23న ఢాకా దగ్గర సావర్‌లో రాణా ప్లాజా అనే ఎనిమిదంతస్తుల బిల్డింగ్‌లో పగుళ్లొచ్చాయి. చూడటానికొచ్చిన ఇంజినీరు లోపల ఎవరూ ఉండొద్దని చెప్పాడు. కింది అంతస్తుల్లోని బ్యాంకు, షాపులు మూసేశారు. మర్నాడు పొద్దున బ్యాంకు ఉద్యోగులు రాలేదు. పైన బట్టలు కుట్టేవాళ్లు మాత్రం వచ్చారు. పైకి వెళ్లకపోతే నెల జీతం ఆపేస్తామని బెదిరించారని బతికి బయటపడ్డవాళ్లు తర్వాత చెప్పారు. కరెంటు పోయింది, పై అంతస్తుల్లో ఉన్న జనరేటర్లు ఆన్ చేశారు. తొమ్మిది కాకముందే బిల్డింగ్ కూలిపోయింది. 1,134 మంది చనిపోయారు.

పగుళ్ల సంగతి అందరికీ తెలుసు. బ్యాంకు వాళ్లు ఇంట్లో ఉండిపోగలిగారు, వీళ్లకు ఆ వీలు లేకపోయింది. అందుకే, విదేశాలకు సరుకు చేసే కార్మికుల్ని కాపాడటానికి ఏ పద్ధతి మంచిదని ఎవరైనా అడిగితే నేను ఒక్కటే చూస్తాను. అది ఉండి ఉంటే ఆ పొద్దున వాళ్లు మెట్లెక్కకుండా ఆగగలిగేవాళ్లా?

ముందు సర్టిఫికెట్ సంగతి. పెద్ద బ్రాండ్లు ఎక్కువగా నమ్ముకునేది దీన్నే. కంపెనీ ఒక ప్రవర్తనా నియమావళి రాసుకుంటుంది, ఆడిటర్ వచ్చి చూసి వెళ్తాడు. రాణా ప్లాజాలోని రెండు ఫ్యాక్టరీలకు అలాంటి ఆడిట్ జరిగింది. బిల్డింగ్ గట్టిగా ఉందా లేదా అన్నది ఆ ఆడిట్‌లో చూసే విషయమే కాదు. అంతకు ముందు ఏడాది, 2012 సెప్టెంబర్ 11న, కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఇనుప ఊచలు, తలుపులకు తాళాలు. నిప్పు కావాలనే పెట్టారని కోర్టు తర్వాత తేల్చింది. ఎవరు పెట్టినా, ఆ తాళాలు లేకపోతే ఎంతోమంది బయటపడేవాళ్లు. కార్మికుల్ని బాగా చూస్తున్నారని చెప్పే ఎస్‌ఏ 8000 అనే సర్టిఫికెట్ ఆ ఫ్యాక్టరీకి వచ్చి అప్పటికి మూడు వారాలే అయింది.

ఆడిటర్లందరూ చెడ్డవాళ్లని అనను. కానీ ఫీజు కట్టేది ఫ్యాక్టరీ యజమానో, సరుకు కొనే కంపెనీయో. రిపోర్టు వెళ్లేదీ వాళ్లకే. కార్మికురాలి చేతికి అది రాదు. వచ్చినా దాన్ని పట్టుకుని ఏ కోర్టుకు వెళ్లాలి?

ఇక సుంకం. కార్మికుల్ని సరిగ్గా చూడని దేశానికి వాణిజ్య రాయితీలు తీసేయాలన్నది ఈ దారి. వినడానికి బాగానే ఉంటుంది. రాణా ప్లాజా కూలాక 2013 జూన్‌లో అమెరికా బంగ్లాదేశ్‌కు జీఎస్‌పీ రాయితీ, అంటే పేద దేశాల సరుకు కొన్నిటిని సుంకం లేకుండా రానిచ్చే ఏర్పాటు, ఆపేసింది. ఆ దేశం ఎగుమతుల్లో పెద్ద భాగం బట్టలే, ఆ రాయితీ కింద బట్టలు దాదాపు లేనే లేవు! దెబ్బ తగలాల్సిన చోట తగల్లేదు.

తగిలినప్పుడు ఇంకా భయం. బాలకార్మికులు చేసిన సరుకు దిగుమతి కాకుండా ఆపాలని 1990ల మొదట్లో అమెరికా సెనేటర్ టామ్ హార్కిన్ ఒక బిల్లు పెట్టారు. అది చట్టమే కాలేదు. ఆ భయంతోనే బంగ్లాదేశ్ యజమానులు దాదాపు 50 వేల మంది పిల్లల్ని పనిలోంచి తీసేశారని యునిసెఫ్ అంచనా. వాళ్లలో చాలామంది బడికి వెళ్లలేదు. రాళ్లు కొట్టే పనికి, వీధుల్లోకి, కొందరు ఒళ్లమ్ముకునే దాకా వెళ్లారు. ఇది చదివిన ప్రతిసారీ నాకు మనసు పాడవుతుంది.

ఒక మినహాయింపు చెప్పాలి. 2020లో అమలులోకి వచ్చిన అమెరికా, మెక్సికో, కెనడా ఒప్పందంలో మొత్తం దేశాన్ని కాకుండా ఒక్క ఫ్యాక్టరీనే పట్టుకునే ఏర్పాటుంది. మెక్సికోలో సిలావ్‌లోని జనరల్ మోటార్స్ ప్లాంటు మీద 2021లో ఆ దారిలోనే ఒత్తిడి వచ్చింది. 2022 ఫిబ్రవరిలో అక్కడి కార్మికులు రహస్య ఓటింగ్‌లో స్వతంత్ర యూనియన్‌ను ఎన్నుకున్నారు. సుంకం భయాన్ని కార్మికుల ఓటుతో ముడిపెట్టారు కాబట్టే అది పనిచేసింది.

మూడోది సంతకం. నా ఓటు దీనికే. రాణా ప్లాజా కూలిన నెలలోపే అకార్డ్ అనే ఒప్పందం వచ్చింది. 200కి పైగా బ్రాండ్లు అంతర్జాతీయ యూనియన్లతో కలిసి దాని మీద సంతకం చేశాయి. 1,600కి పైగా ఫ్యాక్టరీలను స్వతంత్ర ఇంజినీర్లు చూశారు, రిపోర్టులు అందరికీ కనిపించేలా పెట్టారు. తాళం వేసుకునే గేట్లు పీకించి, మంటల్ని ఆపే తలుపులు పెట్టించారు. మాట వినని ఫ్యాక్టరీకి సంతకం చేసిన ఏ బ్రాండూ ఆర్డర్ ఇవ్వకూడదు. బ్రాండ్లు మాట తప్పితే యూనియన్లు ఆర్బిట్రేషన్‌కు, అంటే కోర్టు బయట తీర్పు చెప్పే మధ్యవర్తుల దగ్గరికి, వెళ్లొచ్చు, 2016లో నిజంగానే వెళ్లాయి. ఒక బ్రాండ్ చివరికి 23 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది.

వీటన్నిటికంటే నాకు ముఖ్యమైన వాక్యం అందులో ఇంకొకటుంది. బిల్డింగ్ ప్రమాదకరమని నమ్మడానికి తగిన కారణం ఉంటే కార్మికులు లోపలికి వెళ్లనని అనొచ్చు, అందుకు జీతం కోయకూడదు. ఏప్రిల్ 24 పొద్దున కావాల్సింది సరిగ్గా ఆ మాటే.

అకార్డ్ వచ్చిన 2013లోనే వాల్‌మార్ట్, గ్యాప్ లాంటి కంపెనీలు అలయన్స్ పేరుతో వేరే కుంపటి పెట్టుకున్నాయి. తనిఖీలు వాళ్లూ చేయించారు, బాగానే చేయించారు కూడా. కానీ అందులో సంతకాలన్నీ కంపెనీలవే, యూనియన్ సంతకం లేదు. 2018 చివర్లో అది ముగిసిపోయింది. అకార్డ్ పద్ధతి మాత్రం 2023లో పాకిస్తాన్‌కూ వెళ్లింది.

అకార్డ్‌తో అన్నీ తీరిపోలేదు. అది గోడలకూ తలుపులకూ సంబంధించింది, జీతం జోలికి పోలేదు. 2023 చివర్లో బంగ్లాదేశ్‌లో కనీస వేతనం నెలకు 12,500 టాకాలని ప్రకటిస్తే, 23,000 అడుగుతున్న కార్మికులు రోడ్డెక్కారు, ఆ గొడవల్లో ప్రాణాలు పోయాయి. చొక్కాకి ఇచ్చే ధర పెంచకుండా బ్రాండ్లు ఎన్ని సంతకాలు పెట్టినా ఆ లోటు పూడదు.

విశాఖ దగ్గరున్న మన అచ్యుతాపురంలోనూ విదేశీ బ్రాండ్లకు బట్టలు కుట్టే ఆడవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లకు దగ్గరి ఉదాహరణ ఢాకా కూడా కాదు, పక్కనున్న తమిళనాడు. దిండిగల్ ఫ్యాక్టరీలో పనిచేసే ఒక దళిత యువతి హత్య తర్వాత, దళిత మహిళల నాయకత్వంలోని యూనియన్ 2022లో యజమానితోనూ, హెచ్ అండ్ ఎం, గ్యాప్ లాంటి బ్రాండ్లతోనూ ఒప్పందాలు చేయించింది. వేధింపుల మీద కన్నేసి ఉంచే పని అక్కడ ఆ మిషన్ల దగ్గర కూర్చునే ఆడవాళ్లకే అప్పగించారు. మేనేజర్ ముందు నోరు పెగలని అమ్మాయి పక్క మిషన్ అక్కతో చెప్పుకోవచ్చు, ఆ అక్క వెనక యూనియన్ ఉంటుంది.